పట్నమంటే ఏ ఊరు?

కిందటి ఎండాకాలంలో ఒక సాయంత్రం మా మనవరాలు బడి పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, "తాతా, మన రాజధాని ఏది?" అని అడిగింది. దానికి జవాబు తెలియక కాదు, నేనేం చెబుతానో విని నవ్వుకోవడానికి. ఈ మధ్య నన్ను ఇట్లా ఆట పట్టించడం దానికి సరదా అయింది. నేను పుట్టింది ఎమ్మిగనూరులో, ఇదే ఇంట్లో, ఒకప్పుడు గుంటమగ్గం ఉండి ఇప్పుడు టీవీ ఉన్న ఈ ముందు గదిలోనే. వేరే ఊళ్ళో కాపురం పెట్టిన మనిషిని కాను, కనీసం వీధి కూడా మారలేదు. అయినా నేను ఇట్లా కదలకుండా కూర్చుని ఉండగానే మా రాజధాని మద్రాసు నుంచి కర్నూలుకు వచ్చింది, కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది, అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు పోయింది, మధ్యలో కొన్నాళ్ళు మళ్ళీ కర్నూలుకు కూడా కొంత వాటా వస్తుందన్నారు, అదీ ఆగిపోయింది. మీ పుస్తకంలో ఏముంటే అదే రాయమ్మా, రేపటికి మారినా మీ టీచరమ్మ నిన్నేమీ అనదులే అన్నాను, కాస్త విసుగ్గానే. లోపలి గదిలో మంచం మీద పడుకుని ఉన్న మా అక్క ఈ మాటలన్నీ వింటోంది కాబోలు, అక్కడి నుంచే అంది: "రాజధాని యాడుంటే మనకేంలే గానీ, నన్ను పట్నం ఎప్పుడు పిల్చుకపోతావప్పా?"

అక్క ఈ మాట అడగడం కొత్త కాదు. ఎనభై దాటింది, మోకాళ్ళు పట్టేశాయి, బావ పోయాక నా దగ్గరే ఉంటోంది, కావాలని నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. ఏడాదిగా అడుగుతున్నది ఇదొక్కటే. ఆమె పట్నం అంటే హైదరాబాదని నాకు తెలుసు. ఎందుకు పోవాలనుకుంటోందో కూడా తెలుసు. తెలిసే వాయిదా వేస్తూ వచ్చాను, ఎండలు తగ్గనీ అని, వానలు పోనీ అని.

పట్నం అనే మాట సంగతి నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, వాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. మా చిన్నతనంలో, ఆదోని ఎమ్మిగనూరు పక్కల పట్నం అంటే మద్రాసే, దానికి వేరే పేరే లేదు. జిల్లా పని ఉంటే బళ్ళారి పోయేవాళ్ళు, అంతకు మించిన పనైతే, కోర్టు గానీ ఆసుపత్రి గానీ, పట్నం పోయేవాళ్ళు, సముద్రం చూసి వచ్చి ఆర్నెల్లు దాని గురించే చెప్పేవాళ్ళు. ఆదోనిలో సాయంత్రం రైలెక్కితే చాలు, మరి మారే పని లేదు, నేరుగా పట్నంలోనే దింపుతుంది. ఆ రైలుదారి మమ్మల్ని పట్నం తీసుకుపోవడానికి వేసింది కాదని, మా నల్లరేగడి పత్తిని ఓడల దాకా మోసుకుపోవడానికి దొరలు వేసుకున్నదని చాలా ఏళ్ళ తర్వాత ఆదోనిలో నూలు అమ్మే శెట్టిగారు ఒకాయన చెబితే తెలిసింది. అంటే మాకు ఏ ఊరు పట్నమో నిర్ణయించింది మేము కాదు, ఎక్కడో సముద్రాల అవతల మిల్లులు పెట్టుకున్నవాళ్ళు. ఆ సంగతి అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసినా ఏం చేసి ఉండేవాళ్ళం గనక.

అక్కకు పద్నాలుగేళ్ళు నిండకుండానే పెళ్ళి చేశారు. బావ మద్రాసులో సర్కారు ఆఫీసులో బిళ్ళబంట్రోతు, భుజం మీదుగా పటకా, దాని మీద ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళను రోజూ చింతపండుతో తోమి మెరిపించుకునేవాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికే మా ఇళ్ళల్లో సర్కారు ఉద్యోగం చేసే అల్లుడంటే చిన్న సంగతి కాదు, నాయన వీధిలో నడిచే తీరే మారిపోయింది. అక్క పట్నంలో కాపురం పెట్టిన ఏడాదికే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, బావ ఆఫీసు మూటాముల్లె కట్టుకుని కర్నూలుకు వచ్చేసింది. అక్కడ ఉండడానికి మేడలెక్కడివి, ఆఫీసులన్నీ గుడారాల్లోనే. గాలి లేచినప్పుడు ఫైళ్ళలోని కాగితాలు తుంగభద్ర వైపు ఎగురుతుంటే బావ పటకా విప్పి చేతిలో పట్టుకుని వాటి వెంట పరుగెత్తేవాడట. అది తనే నటించి చూపిస్తే మేమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. రాజధాని అయినా కర్నూలును మా వాళ్ళెవరూ పట్నం అనలేదు. మా అవ్వ అయితే, "గుడారాల్లో ఉండేది పట్నమెట్లయితాది, అది జాతర" అని తేల్చేసింది.

ఆ గుడారాల కాలంలోనే అక్కకు కొడుకు పుట్టాడు. పురుడు ఇక్కడే మా ఇంట్లోనే పోశారు. వాడికి బొరుగులంటే ప్రాణం, పళ్ళు రాకముందే చేతినిండా బొరుగులు పట్టుకుని చప్పరించేవాడు, సగం నోట్లోకి, సగం మగ్గం గుంటలోకి. నాయన నేతకు దిగే ముందు ఆ బొరుగులన్నీ ఏరి పైన పెట్టేవాడు, ఒక్కనాడూ విసుక్కోలేదు. ఇంట్లో అందరి మీదా విసుక్కునే మనిషి మనవడి దగ్గర అట్లా ఎట్లా మారిపోయాడో అని అమ్మ ఆశ్చర్యపోయేది.

తర్వాతి సంగతి చెప్పడానికి నాకిప్పటికీ నోరు రాదు. ఒక మధ్యాహ్నం కర్నూలు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకతను మా వీధి వెతుక్కుంటూ వచ్చి, మీ అల్లుడు ఎవరితోనో చెప్పి పంపినాడు అని, గుక్క తిప్పుకోకుండా నాలుగు మాటలు అప్పజెప్పాడు: "పిల్లోనికి జొరం తగ్గల్యా. వాళ్ళు పట్నం పోయినారంట. నిన్ను తొందరగా పట్నం రమ్మన్న్యారు." అంతే, అతనికీ అంతకు మించి తెలియదు. నాయన ఇంకేం ఆలోచిస్తాడు. పిల్లవాడికి జబ్బు ముదిరింది, కర్నూలులో లాభం లేక పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఉంటారు అనుకున్నాడు, ఇంట్లో అందరం అదే అనుకున్నాం. అమ్మ అప్పుడు బాలింత, కదలలేదు. నాయన మగ్గం మీది పని మగ్గం మీదే వదిలేసి, ఒక చేతిసంచిలో పంచె, కాగితం పొట్లంలో బొరుగులు పెట్టుకుని ఆదోని పోయి, మద్రాసు రైలెక్కాడు.

మద్రాసు పెద్దాసుపత్రిలో పిల్లల మంచాలన్నీ చూశాడట, భాష రాకపోయినా ప్రతి నర్సునూ అడిగాడట, బావ పాత ఆఫీసుకు పోతే అక్కడి జవాను, ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోయి ఏళ్ళయింది, ఇంకెక్కడి బంట్రోతయ్యా అన్నాడట. మళ్ళీ రైలెక్కి వెనక్కి, ఆదోని నుంచి బస్సులు మారి కర్నూలు. తీరా పోయి చూస్తే గుడారాలున్న చోట గూటాలు పీకుతున్నారు. అక్కడున్న కాపలావాడు, "అందరూ పట్నం పోయినారు గదప్పా" అన్నాడు. నాయన, "ఏ పట్నం?" అని అడిగాడు. "ఇంకే పట్నం, హైదరాబాదు" అన్నాడతను. తుంగభద్ర దాటితే పట్నం అంటే హైదరాబాదే, ఏనాటి నుంచో వాళ్ళకదే పట్నం. రాజధాని అటు మారుతున్నదని తేలగానే కర్నూలు వాళ్ళూ ఆ మాటే అందుకున్నారు. ఎమ్మిగనూరుకు మాత్రం ఆ మాట ఇంకా చేరలేదు.

నాయన చేరేసరికి పిల్లవాడు పోయి నేల చేరాడు. కొత్త ఊరు, ఉరుదూ తప్ప వినపడని వీధి, పద్దెనిమిదేళ్ళ అక్క గడపలో కూర్చుని వచ్చేపోయే ప్రతి తలపాగానూ చూస్తూ ఉండిపోయిందట, నాయన వస్తాడు, వచ్చి బిడ్డను ఎత్తుకుంటాడు, వాడికి నయమవుతుంది అని. నాయనను చూసి ఆమె ఏడవలేదట. "యాడికి పోయింటివి నాయనా ఇన్నాళ్ళు?" అని మాత్రం అడిగింది. ఆయన, "పట్నం పోయింటినమ్మా" అన్నాడు. ఈ రెండు మాటలూ నాయన ఒకే ఒక్కసారి అమ్మకు చెప్పాడు, అమ్మ నాకు చెప్పింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళు నాయన నోట పట్నం అనే మాట రాలేదు, మద్రాసునైనా హైదరాబాదునైనా ఆ ఊరు అనేవాడు. అక్క మాత్రం పంతం పట్టినట్టు హైదరాబాదును పట్నం అనే పిలిచేది, పేరు పెట్టి ఎన్నడూ అనలేదు.

బిడ్డను ఊరికి పడమరగా, ఖైరతాబాదు దాటాక ఉండే రాళ్ళగుట్టల్లో పూడ్చారు. హైదరాబాదు బండరాతి గుండ్లు చూసినవాళ్ళకు తెలుసు, ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టు ఉంటాయి. అక్కడ ఒక పెద్ద గుండు, దాని నెత్తిన కాస్త పక్కకు ఒరిగి ఇంకో గుండు ఉండేవి. అక్క వాటికి అత్తాకోడళ్ళు అని పేరు పెట్టుకుంది. వాటి నీడలోనే వాడు.

నేను పెద్దయి పనిలో పడ్డాక, మా దుప్పట్లూ తువ్వాళ్ళూ మూటగట్టి హైదరాబాదు తీసుకుపోయి ఆఫీసుల్లో అమ్ముకొచ్చే బాధ్యత నా మీద పడింది. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని అక్క ఇంటికి పోయేవాణ్ణి. ఆ కాలపు హైదరాబాదంటే నాకిప్పటికీ ఇష్టమే, అబద్ధమెందుకు చెప్పాలి. బావ పనిచేసే ఆఫీసు ఏ నవాబు కట్టించుకున్న మేడో, పాలరాతి మెట్లు, వాటి కింద బావ ముక్కాలిపీట. "రాజులు కట్టిపెట్టినారు, సర్కారొచ్చి కూసున్న్యాది, మన రాష్ట్రమొచ్చిందే ఈ పైకప్పుల కోసరం" అనేవాడు. అది ఎగతాళిగా అన్నా అందులో చాలా నిజముంది. గాలికి కాగితాల వెంట పరుగెత్తిన మనిషికి పైకప్పు విలువ తెలుస్తుంది. ఒక రాజు ఎక్కడ కోట కట్టుకుంటే, ఎక్కడ చెరువు తవ్విస్తే ఆ ఊరు అక్కడ పెరిగింది. తర్వాత ఆఫీసులున్న చోట పెరిగింది. ఆ ఆఫీసుల్లో గుమాస్తాలు నా దుప్పట్లు కొనేవాళ్ళు, బేరమాడి, టీ తాగించి, వచ్చే నెల మళ్ళీ రమ్మనేవాళ్ళు.

నేను వెళ్ళిన ప్రతిసారీ అక్క అడిగే మొదటి మాట, బొరుగులు తెచ్చినావా అని. మన ఊరి బట్టీలో వేయించినవే కావాలి, అక్కడివి పనికిరావు. మర్నాడు పొద్దున మేమిద్దరం గుట్టల్లోకి నడిచిపోయేవాళ్ళం. ఆమె అత్తాకోడళ్ళ కింద గుప్పెడు బొరుగులు పోసి, కాసేపు కూర్చుని లేచేది. పిచ్చుకలు వచ్చి తినేవి. తిరిగి వచ్చేటప్పుడు ఊరి కబుర్లన్నీ అడిగేది.

బావ ఉద్యోగం అయిపోగానే ఇద్దరూ ఎమ్మిగనూరు వచ్చేశారు. ఆ తర్వాత నా రాకపోకలూ తగ్గాయి. మర దుప్పట్లు వచ్చాయి, ఆఫీసుల గేట్ల దగ్గర మూటలవాళ్ళను లోపలికి రానివ్వడం మానేశారు. మా వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగిపోతూ వచ్చి, నా ఇంట్లోనూ ఆగింది. హైదరాబాదు కబుర్లు మాత్రం వింటూనే ఉన్నాం. పడమరనంతా గుట్టలు పేల్చేస్తున్నారని, అద్దాల మేడలు లేస్తున్నాయని, ఎక్కడో సముద్రాల అవతల తెల్లవారితే ఇక్కడ పిల్లలు పనికి కూర్చుంటారని. రాజు కోసం పెరిగిన ఊరు, ఫైళ్ళ కోసం పెరిగిన ఊరు, ఇప్పుడు ముఖం కూడా చూడని వాళ్ళ కోసం పెరుగుతోందన్నమాట. పెరగనీ, నాకేం పోయింది అనుకునేవాణ్ణి. గుట్టలు అన్న మాట వినపడినప్పుడు మాత్రం అక్క ముఖం వైపు చూసేవాణ్ణి కాదు.

మనవరాలు రాజధాని ఏదని అడిగిన ఆ సాయంత్రం అక్క మళ్ళీ అడిగాక ఇంక వాయిదా వేయలేకపోయాను. వానలు పడి ఎండలు చల్లబడగానే పొద్దున బస్సులో బయలుదేరాం. అక్క ఒళ్ళో బొరుగుల సంచి. ఇల్లు ఉంటుందని ఆమె అనుకోలేదు, అద్దె గదులే కదా, పోతే పోయాయి. "గుండ్లు యాడికి పోతాయప్పా, వాటినెవురు ఎత్తుకపోతారు" అంది దారిలో. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఖైరతాబాదు దాటి పడమరకు ఆటోలో పోతూ ఉంటే ఆమె తల బయట పెట్టి చూస్తూనే ఉంది. పైన వంతెనలు, వాటి పైన రైలు, రెండు పక్కలా అద్దాలు. ఏ అద్దంలో చూసినా మా ఆటోనే కనిపిస్తోంది. నేను గుర్తు పట్టగలనని అనుకున్న మలుపు లేదు. ఎన్నో ఏళ్ళు కాళ్ళతో నడిచిన దారి, నా కాళ్ళకు కూడా తెలియలేదు. చివరికి ఎత్తు పల్లం లెక్కన ఇక్కడే అయి ఉండాలి అనుకున్న చోట దిగాం. ఎదురుగా ఆకాశం దాకా ఒక అద్దాల మేడ, ముందు గడ్డి, గడ్డి మధ్య నీళ్ళు చిమ్మే తొట్టి, దాని పక్కన ఒక పెద్ద గుండు.

గేటు దగ్గర నీలం చొక్కా వేసుకున్న కాపలా కుర్రవాడు వచ్చి, ఇక్కడ నిలబడకూడదని మొదట హిందీలో, తర్వాత తెలుగులో చెప్పాడు. ఆ తెలుగు వినగానే అక్క, మీదే ఊరు నాయనా అంది. "మాది పెద్దకడుబూరవ్వా. మా అమ్మా నాయనా సుగ్గికొచ్చి ఈడనే నిలబడిపోయినారు" అన్నాడు. పంటలు పోయిన ఏడు మా పక్కల జనం కట్టుబట్టలతో పని వెతుక్కుంటూ పోవడాన్నే సుగ్గి అంటారు. మాది ఎమ్మిగనూరని తెలిసి వాడి ముఖం విప్పారింది. ఎండలో నిలబెట్టినందుకు నొచ్చుకుని తన కుర్చీ తెచ్చి అక్కను కూర్చోబెట్టాడు. ఈ మేడ పునాదులు తవ్వింది మనోళ్ళే అని కాస్త గర్వంగా చెప్పాడు. "ఈడంతా గుండ్లే గదా అవ్వా. మా నాయనోళ్ళే కొట్టినారు. మందు పెట్టి పేల్చేది, మావోళ్ళు ఎత్తిపోసేది." వాడి తప్పేముంది. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీద మండాలో తెలియలేదు. వీడి మీదనా, బువ్వ కోసం వచ్చిన వీడి అమ్మానాయన మీదనా, ఆ అద్దాల వెనక నాకు మనవలు కాదగ్గ పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంటే వాళ్ళ మీదనా.

ఏం చేయాలో తోచక నేను ఆ గడ్డిలోని గుండు చూపించి, అదేనక్కా అత్తగుండు, పైనున్న కోడలును మాత్రం తీసేసినట్టున్నారు అన్నాను. అక్క చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది కాదప్పా. నాకు తెలీదా" అంది. కాపలా పిల్లవాడు కూడా, అది ఇక్కడిది కాదు తాతా, అందానికని లారీలో తెప్పించి పెట్టినారు అన్నాడు. ఆ మాత్రం అబద్ధం కూడా నాకు మిగల్లేదు.

ఎందుకొచ్చామో నేనే వాడికి మెల్లగా చెప్పాను. వాడు, లోపలికి మిమ్మల్ని పంపితే నా పని పోతుంది తాతా, బొరుగులు నాకియ్యి, సారోళ్ళు పోయినాక ఆ రాయి కాడ పోస్తా అన్నాడు. అక్క వద్దంది. "ఆ రాయికేం తెలుసు నాయనా, అది యాడిదో. నువ్వు తిను, మన ఊరివే" అని సంచి వాడి చేతిలో పెట్టింది. వాడు మా ముందే గుప్పెడు నోట్లో వేసుకుని, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. లోపలి నుంచి ఎవరో పిలిస్తే సంచి కుర్చీ కింద పెట్టి పరుగెత్తాడు. మేము ఆటో ఎక్కాం.

ఆ ఊరు పాడైపోయిందని నేననను. అక్కడ లక్షల మంది బతుకుతున్నారు, మా పక్కల జనమే ఎంతమందో. మా పత్తి కోసం దారి వేసినవాళ్ళు మమ్మల్ని అడగలేదు, గుడారాలు వేసినవాళ్ళూ పీకినవాళ్ళూ అడగలేదు, గుండ్లు పేల్చినవాళ్ళూ అడగలేదు, అడగాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది. బస్సులో తిరిగి వస్తూ నాయన గురించే ఆలోచించాను. ఆయన తప్పు ఊరికి పోయాడు గనక అందుకోలేకపోయాడు. నేను సరైన ఊరికే పోయాను, సరైన చోటే దిగాను అనుకుంటాను, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పక్కనే నిలబడ్డాను, అయినా ఏమీ చేయలేకపోయాను. నాయన అక్క ముందు ఎట్లా నిలబడి ఉంటాడో ఆ రోజే నాకు తెలిసింది.

ఇంటికి వచ్చిన మర్నాడు మనవరాలు అక్క మంచం మీద చేరి, "పట్నం చూసినావా అవ్వా?" అని అడిగింది. అక్క దాని జడ సరిచేస్తూ, "లేదమ్మా. హైదరాబాదు పోయొచ్చినాం" అంది.

ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. అప్పటి నుంచి పట్నం తీసుకుపొమ్మని అక్క నన్ను అడగలేదు. సాయంత్రాలు ఈ ముందు గదిలో కూర్చుని లోపలి మంచం వైపు చెవి పెట్టి వింటూ ఉంటాను, అడిగినన్నాళ్ళే బాగుండింది.